నిలువెత్తు విల్లు

హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే జాతీయ రహదారి మీద డోన్ దాటి గుత్తి దిక్కుకు వస్తుంటే ప్యాపిలి తగులుతుంది. వేరుశనగ విత్తనాలు మొదలుకొని డ్రిప్ పైపుల దాకా, పెళ్లి బాసికాలు మొదలుకొని సెల్‌ఫోన్ కవర్ల దాకా ఇలాంటి మండల కేంద్రాల అంగళ్లలో ఏదైనా అడగొచ్చు. విల్లు అడిగితే మాత్రం అంగడాయన ఎగాదిగా చూస్తాడు. అయినా విల్లు కావాలనే కుర్రాళ్లు ఉంటారు, ఉండకుండా ఎట్లా పోతారు? బాహుబలి రెండో భాగంలో ఒకే నారికి మూడు బాణాలు తొడగడం చూశారు. ట్రిపుల్ ఆర్ చివర్లో రామరాజు విల్లందుకోవడం చూశారు. ఊరూరా కూడళ్లలో అల్లూరి విగ్రహాలను చూస్తూ పెరిగారు.

అంగట్లో లేనిది ఫోన్‌లో ఉంటుంది. చక్రాలు తిరిగే కాంపౌండ్ విల్లు, కొనలు వెనక్కి ఒంపు తిరిగిన రికర్వ్, వీటి పక్కనే ఏ హంగూ లేని పొడుగాటి విల్లు. సంప్రదాయ విల్లు అనేది ఈ మూడోదాన్నే. కడ్డీకి నారి కట్టినట్టు ఉంటుంది. గురి చూసుకునే పరికరం ఉండదు, బాణం ఆనించే మెట్టు కూడా చాలావాటికి ఉండదు, బాణం పిడికిలి మీదే కూర్చుంటుంది. చూడ్డానికి ఇంత సాదా వస్తువును ఎంచుకోవడమే ఎక్కువ కష్టం. కాంపౌండ్ విల్లును కొన్న తర్వాత కూడా మరలు తిప్పి సరిచేసుకోవచ్చు. దీనికి ఆ వసతి లేదు. మనిషికి తగినది కొనాలి, లేదా కొన్నదానికి మనిషి తగాలి. రెండోది జరిగేసరికి ఏళ్లు పడుతుంది, ఆలోగా భుజం పోతుంది.

పొడుగు విల్లనగానే ఇంగ్లండు, రాబిన్ హుడ్ గుర్తొస్తారు. అది వాళ్ల సొత్తేమీ కాదు. అలెగ్జాండర్ నౌకాదళాన్ని నడిపిన నియార్కస్ రాతలను ఆధారం చేసుకుని క్రీ.శ. రెండో శతాబ్దిలో అరియన్ రాసిన ఇండికాలో మన కాల్బలం వర్ణన ఉంది. విల్లు మోసేవాడి ఎత్తే విల్లు ఎత్తట. దాని కొనను నేలకు ఆనించి, ఎడమ పాదంతో అదిమిపట్టి, నారిని బాగా వెనక్కి లాగి వదిలేవారట. బాణం మూడు మూరలకు కాస్త తక్కువ. దాని ముందు డాలూ కవచమూ నిలిచేవి కావని ఆ గ్రీకు రచయిత రాసుకున్నాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఆయుధాగారం సరుకుల జాబితా ఇస్తూ తాటి, వెదురు, కలప, కొమ్ము అని విల్లుకు నాలుగు ముడిసరుకులు చెప్పింది. నారికి జిల్లేడు నార, జనపనార, వెదురు బద్ద, నరాలు అన్నీ పనికొస్తాయంది. తాటిచెట్టుకూ జిల్లేడు పొదకూ మనకేం కరువు? సరుకు ఎప్పుడూ మన పెరట్లోనే ఉంది. పోయింది దాన్ని చేసే చెయ్యి, చూసి ఎంచుకునే కన్ను.

ఎంచుకునే కన్ను గురించి ఒక పుస్తకమే ఉంది. 1545లో రోజర్ ఆస్కమ్ అనే ఇంగ్లీషు పంతులు టాక్సోఫిలస్ అని విలువిద్య మీద పుస్తకం అచ్చువేయించి ఎనిమిదో హెన్రీకి అంకితమిచ్చాడు. అంగడికి పోయి విల్లెలా కొనాలో అందులో సావధానంగా చెప్పాడు. సన్నంగా, పొడుగ్గా, చేతికి బరువుగా, బిర్రుగా ఉండాలి. మెలి తిరగకూడదు. ముడి, పగులు, నలుగు కనిపించకూడదు. అలాంటిది దొరికితే తన పూచీ మీద కొనుక్కోమన్నాడు. కొన్నాక కూడా వదల్లేదు. మైదానానికి తీసుకుపోయి బరువైన బాణాలతో బాగా వేసి చూడాలి, ఎక్కడ ఎక్కువ వంగుతోందో కనిపెట్టాలి, ముదరకముందే ఆ చోటును సరిచేయించాలి అన్నాడు. పెళ్లిచూపులకు పోయే పెద్దల జాగ్రత్త అంతా ఆ పేజీల్లో కనిపిస్తుంది.

ఆ పుస్తకం వచ్చిన 1545లోనే హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ మునిగిపోయింది. 1982లో దాన్ని సముద్రం నుంచి పైకి లేపారు. ఆ నౌకలో చెక్కుచెదరని పొడుగు విల్లులు 137 దొరికాయి. బాణాలు మూడున్నర వేలకు పైగానే. ఆ విల్లులను పూర్తిగా లాగడానికి 100 నుంచి 185 పౌన్ల బలం కావాలని పరిశోధకుల అంచనా. కిలోల్లో చెప్పాలంటే 45 నుంచి 84. కుర్రాళ్ల ఛాతీ ఉప్పొంగేది ఇక్కడే. వాళ్లకంత ఉంటే నాకు కనీసం 60 పౌన్లదైనా వద్దా అనిపిస్తుంది. అయితే నౌకతో పాటు దొరికిన అస్థిపంజరాలను కూడా చూడాలి. కొందరి భుజపుటెముకల్లో, పసితనం నుంచి ఏళ్ల తరబడి విల్లు లాగినవాళ్లలో రాదగిన మార్పులు కనిపించాయని పండితులు అంటారు. ఎముక ఎదిగే వయసు నుంచే ఆ బరువుకు అలవాటుపడ్డ ఒళ్లు అది. 1549లో బిషప్ లాటిమర్ ఆరో ఎడ్వర్డ్ ఎదుట చేసిన ప్రసంగంలో తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాడు. వాళ్ల నాన్న ఆయన వయసునూ బలాన్నీ చూసి విల్లు కొనిచ్చేవాడట, పిల్లవాడు ఎదిగేకొద్దీ విల్లు మార్చేవాడట. అంటే ఒక మనిషికి ఒక విల్లు కాదు, వయసుకో విల్లు. మనకు ఫోన్‌లో కనిపించేది మాత్రం ఒకే బొమ్మ, దాని కింద కొను అనే ఒకే మీట.

ఈ వ్యవహారంలో మనం చెప్పదలచుకున్నది ఇదే. విల్లు కొనేటప్పుడు చాలామంది తమకున్న బలానికి కొనరు, ఉండాలనుకున్న బలానికి కొంటారు. 25 కిలోల బియ్యం బస్తాను అవలీలగా భుజానికెత్తే కుర్రాడికి 30 పౌన్ల విల్లు, అంటే 14 కిలోలకు లోపు, ఒక లెక్కా అనిపిస్తుంది. బస్తా ఎత్తడంలో కాళ్లు, నడుము సాయం వస్తాయి. విల్లు లాగడంలో పని అంతా వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్యనున్న కండరాలది. పొలం పనిలోనూ జిమ్ములోనూ వాటికి అంత పని తగలదు. పెద్దవాళ్లయినా సరే మొదటి విల్లు 25, 30 పౌన్ల దగ్గర తీసుకోవడం మేలు. పూర్తిగా లాగి, చెయ్యి వణక్కుండా, ఊపిరి బిగబట్టకుండా పది సెకన్లు నిలపగలిగితే అది మీ విల్లు. లాగేటప్పుడు నడుము వెనక్కి విల్లులా వంగిందంటే అది మీది కాదు, ఎవరిదో. మితిమీరిన విల్లు గురిని కూడా చెడగొడుతుంది. నారి పూర్తిగా రాకముందే వేళ్లు వదిలేస్తాయి, బాణం రోజుకో చోట పడుతుంది, తప్పు బాణానిదనుకుని కుర్రాడు ఇంకో డజను తెప్పిస్తాడు.

విల్లు మీద రాసి ఉండే అంకెలోనూ ఒక మెలిక ఉంది. 40 పౌన్లు అని ఉంటే, నారిని 28 అంగుళాలు లాగినప్పటి బలం అది. అందరూ అంత లాగరు. రెండు చేతులూ బార చాపి, ఒక మధ్యవేలి కొన నుంచి రెండో మధ్యవేలి కొన దాకా టేపుతో కొలిచి, ఆ అంగుళాలను రెండున్నరతో భాగిస్తే మీ లాగుడు సుమారుగా తెలుస్తుంది. బార 66 అంగుళాలైతే లాగుడు 26 పైచిలుకు. తగ్గిన ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌన్లు తగ్గుతాయి కాబట్టి 40 పౌన్ల విల్లు ఆ కుర్రాడి చేతిలో 36 పౌన్ల దగ్గర ఆగిపోతుంది. ఆరడుగులు దాటినవాడి చేతిలో అదే విల్లు 44 పౌన్లవుతుంది. ఇక పొడుగు సంగతి. మనలాంటి మధ్యరకం మనుషులకు 66 నుంచి 70 అంగుళాల విల్లు సరిపోతుంది. అరియన్ చెప్పిన నిలువెత్తు లెక్కకు ఇది దగ్గరే. పొట్టి విల్లును అంతే దూరం లాగితే వంపు మీద ఒత్తిడి పెరిగి కలప అలసిపోతుంది, నారి కూడా వేళ్లను నొక్కేస్తుంది. కుడి చేతి విల్లా, ఎడమ చేతిదా అన్నది చేతివాటం కంటే కంటివాటం మీద ఆధారపడుతుంది. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూస్తూ ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే స్తంభం మాయమవుతుందో అదే మీ గురి కన్ను.

విల్లు చేతికొచ్చాక తిరగేసి చూడండి. విలుకాడి ముఖానికి కనిపించే లోపలి వైపు నొక్కుకుపోతుంది, గురి వైపున్న వెలుపలి భాగం సాగుతుంది. కలప బాధ రెండు రకాలు. వెలుపలి వైపు పేడు లేచినట్టు ఏ కాస్త కనిపించినా ఆ విల్లును పక్కన పెట్టాలి, గోరుతో మెల్లగా రాస్తే తెలిసిపోతుంది. లోపలి వైపు అడ్డంగా వెంట్రుకవాసి ముడతలు ఉంటే నొక్కుడుకు నార చితికిపోయిందని అర్థం. నారి కట్టి, ఒక కొన నుంచి రెండో కొనకు కన్ను ఆనించి చూడాలి. నారి సరిగ్గా కర్ర నడిమి గీత మీదుగా పోవాలి. ఒక పక్కకు జరిగితే కొన మెలి తిరిగిందన్నమాట. నారి విప్పాక కూడా కర్ర ఎంతో కొంత వంగే ఉంటే అది మరీ తప్పు కాదు, బాగా వేసిన విల్లు గుర్తు. మరీ ఎక్కువైతే ముసలిదైందని లెక్క.

ఇంకొకటి. నారిని లాగి, బాణం లేకుండా ఠంగుమని వదలడం మన కథల్లో వీరుడి లక్షణం. ధనుష్టంకారం వినగానే శత్రువుల గుండెలు జారిపోవాలి. అసలు విల్లు దగ్గర ఆ పని చేస్తే, బాణం పట్టుకుపోవలసిన శక్తి అంతా తిరిగి కర్రలోకే వస్తుంది, కొనలు విచ్చిపోయే ప్రమాదం ఉంటుంది. శివధనుస్సును రాముడు ఎక్కుపెట్టి లాగుతుండగానే అది నడిమికి విరిగింది. జనకుడు కాబట్టి సంబరపడి కూతురినిచ్చాడు. అమ్మకందారైతే గ్యారంటీ వర్తించదనేవాడు.

మన ఎండ మాట కూడా చెప్పాలి. ఇంగ్లండు విల్లులు చేసే యూ చెట్టు కలపకు తేమ అలవాటు. మేలో ఎర్రమల గుట్టల మీది నుంచి వచ్చే వడగాలికి కలపలో ఉండాల్సిన తేమ కాస్తా ఎగిరిపోయి విల్లు పెళుసెక్కుతుంది. పొరలు అతికించి చేసిన విల్లును ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే జిగురు సడలుతుంది. వాడనప్పుడు నారి విప్పి, నీడ పట్టున, గోడకు నిలబెట్టకుండా అడ్డంగా మేకులకు తగిలించాలి. ఇవన్నీ ఆలోచిస్తే ఇక్కడివాళ్లకు వెదురు విల్లు మేలనిపిస్తుంది. వెదురు బద్ద అడ్డకోత చూస్తే కారణం అర్థమవుతుంది. బయటి పచ్చని తొక్కు కింద చుక్కలు చుక్కలుగా నార కిక్కిరిసి ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ చుక్కలు పలచబడతాయి. సాగాల్సిన వెలుపలి వైపుకు ఆ తొక్కు పెడితే ప్రకృతే సగం పని చేసిపెట్టినట్టు. బోలు తక్కువున్న ముదురు వెదురైతే ఇంకా మంచిది. సొంత పొలంలో పెంచిన వెదురును నరకడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. అటవీ భూములకు బయట పెరిగే వెదురును చెట్టు అనే నిర్వచనంలోంచి 2017లో తీసేశారు.

వెదురు విల్లు ఇంకా బతికున్నది మన నంద్యాల జిల్లా తూర్పు అంచున, నల్లమలలో. చెంచులది తరతరాలుగా వెదురు విల్లే. 1940లో వాళ్ల మధ్య ఉండి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1943లో తెచ్చిన పుస్తకం అప్పటి వాళ్ల బతుకును మనకు పట్టి ఇచ్చింది. ఇప్పుడు అదంతా పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరం. అడవిలో బాణానికి పని లేకుండా పోయింది. కానీ ఏటా కనుమ నాడు దానికి పని దొరుకుతుంది. అహోబిలం నుంచి నరసింహస్వామి పల్లకి పారువేటకు బయలుదేరుతుంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు, నలభై రోజులకు మించిన తిరుగుడు. తన కల్యాణానికి తానే ఊరూరా తిరిగి జనాన్ని పిలుచుకుంటాడని నమ్మకం. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులకు ఆయన ఇంటల్లుడు. అల్లుడి పల్లకి మీదికి వాళ్లు విల్లెత్తి బాణాలు వేస్తారు. ఆ బంధుత్వంలో కోపమెంతో, ముద్దెంతో చెప్పలేం. మనకు ఇక్కడ పనికొచ్చే సంగతి వేరే. ఆ చేతుల్లోని విల్లుకు పౌన్ల చీటీ ఉండదు. ఎవరి విల్లు వాళ్ల ఒంటికి తగ్గట్టు ఉంటుంది. ప్యాపిలి కుర్రాడు ఫోన్‌లో కొనబోయే ముందు ఒక సంక్రాంతికి ఆళ్లగడ్డ బస్సెక్కి, ఆ విల్లులను దగ్గర నుంచి చూసి, మర్యాదగా నాలుగు మాటలు అడిగితే ఏ వీడియో చెప్పనంత చెబుతారు.

బాణాల విషయం క్లుప్తంగా. విల్లు కొని బాణాలు ఏవో ఒకటి అనుకోవడం పెద్ద పొరపాటు. నారి వదలగానే బాణం తిన్నగా పోదు. పాములా ఒంపు తిరిగి, కర్రను చుట్టి దాటుకుని, ఆ తర్వాత నిటారవుతుంది. ఆ ఒంపు విల్లు బలానికి సరిపోవాలి. కుడిచేతి వాటం వాడికి బాణాలు అదేపనిగా ఎడమకు పోతుంటే అవి మరీ బిర్రుగా ఉన్నాయని ముందుగా అనుమానించాలి. తోక ప్లాస్టిక్‌ది కాకుండా ఈకలదే తీసుకోవాలి. పిడికిలి మీదుగా పోయేటప్పుడు ఈక నలిగి దారి ఇస్తుంది, ప్లాస్టిక్ ఎగిరిపడి బాణాన్ని పక్కకు నెడుతుంది. నలిగిన ఈక అప్పుడప్పుడు చూపుడువేలి కణుపు మీద గీరుతుంది కూడా. తొలివారం గుర్తుగా చిన్న గీత మిగులుతుంది. దానికి తోలు తొడుగు ఉంది.

డోన్‌కు ద్రోణాచలం అని కూడా పేరుండటం, ద్రోణుణ్ణి ఆ కొండతో ముడిపెట్టి చెప్పుకునే కథా తెలిసిందే. పక్క ఊళ్లోనే గురువు పేరు పెట్టుకుని ఏకలవ్యుడి మాట ఎత్తకపోతే బాగుండదు. ద్రోణుడు అడిగింది బొటనవేలు. ఆసియా విలుకాళ్లు చాలామంది నారిని బొటనవేలితోనే లాగేవారు. నారి కోత తగలకుండా దానికి ఉంగరం తొడిగేవారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ చక్రవర్తి అలాంటి ఉంగరం ఉంది. పొడుగు విల్లు పద్ధతిలో బొటనవేలికి పని లేదు. బాణానికి పైన చూపుడువేలు, కింద రెండు వేళ్లు, అంతే. ఆదిపర్వంలో ఏకలవ్యుడు వేలిచ్చాక మిగిలిన వేళ్లతో వేస్తూనే ఉన్నాడు, మునుపటి వేగమే పోయింది. గురుదక్షిణ కథ చెప్పేవాళ్లు ఈ ఒక్క ముక్కను ఎందుకో తొందరగా దాటేస్తుంటారు. ఆపకుండా వేశాడన్నది చిన్న సంగతేం కాదు.

తెలుగునాట విలువిద్య అంటే ఇవాళ విజయవాడ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో మూడు స్వర్ణాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టులో నాలుగో స్థానం దాకా పోయాడు. అలాంటి పరికరాలు లక్షల్లో ఉంటాయి. ప్యాపిలి, ఆలూరు, పత్తికొండ పిల్లలకు అవి అందే వస్తువులు కావు. అయితే మన దేశపు పోటీల్లోనే ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది. వెదురు విల్లు, వెదురు బాణాలు, 30 మీటర్లు, 50 మీటర్లు. జార్ఖండ్‌లో పేదింటి పిల్ల దీపికా కుమారి ఇంట్లో చేసుకున్న వెదురు విల్లుతోనే మొదలుపెట్టింది, తర్వాతే ఒలింపిక్ మైదానాలు.

అందుకని ఒక్కో కుర్రాడు ఒక్కో పార్సిల్ తెప్పించుకుని ఇంటి వెనక ఒంటరిగా భుజం నొప్పి తెచ్చుకునే కంటే, మండలానికి ఒక హైస్కూలులో 15 పౌన్లవి, 20 పౌన్లవి, 25 పౌన్లవి వెదురు విల్లులు నాలుగేసి పెట్టడం తేలిక. నంద్యాల జిల్లా క్రీడాధికారులకూ, చెంచుల సంక్షేమం చూసే శ్రీశైలం ఐటీడీఏకూ ఇది మించిన పని కాదు. విల్లు చేయడానికి, మొదటి నెల చెయ్యి పట్టి నేర్పడానికి నల్లమల గూడేల నుంచి మనుషులను జీతమిచ్చి పిలవొచ్చు. పారువేటలో ఒక్క రోజు చూసి చప్పట్లు కొట్టే విద్యకు ఏడాది పొడవునా కూలి గిట్టుతుంది. గురి పలకకు ఖర్చు పెట్టనక్కర్లేదు, పాత బట్టలు కుక్కిన గోనెసంచులు చాలు. వెనక మట్టికట్ట ఉండాలి, అటుగా మేకలు పోయే దారి ఉండకూడదు. 25 పౌన్ల విల్లు బాణం కూడా నూరు గజాలు దాటి పోగలదు. పిల్లవాడు 15 నుంచి 20కి, 20 నుంచి 25కి ఎప్పుడు మారాలో పంతులు చూసి చెప్పాలి, పిల్లవాడు అడిగితే కాదు. వరుసలో ఉన్న అందరూ వేయడం ముగిశాక, విల్లులు కింద పెట్టి, అందరూ ఒకేసారి ముందుకు నడిచి ఎవరి బాణాలు వాళ్లు పీక్కుని రావాలి. ఈ నియమాన్ని మొదటి రోజే గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి.